విద్యార్థి వేతనమును, వేగుల కొలువును

కొన్ని దేశములలో ప్రభుత్వపు గూఢచారి శాఖలు విద్యార్థులకు వేతనము లిచ్చి చదివించుచున్నవనియు, సెలవు దినములలో తమ కార్యాలయములందే పని నేర్పుచున్నవనియు వినినప్పటినుండి మన పై తరగతుల విద్యార్థులు ఆ సంగతిని గూర్చి తఱచుగ ప్రశ్నించుచున్నారు. అమెరికాలో బంధువులు గల యిండ్లయందు ఈ ప్రస్తావన మఱింత హెచ్చు. సినిమాలు చూచి, వేగువాని బ్రదుకనగా తుపాకియు మాఱువేషమునే యని మురియువారు కొందఱు. అదియంతయు పాపపు కూడని త్రోసివేయు పెద్దలు మఱికొందఱు. ఈ రెండు తలంపులును సరియైనవి కావని మా యభిప్రాయము. ఆ కొలువునకు బోవు త్రోవలలో ధర్మమైన దొకటియు, అధర్మమైన దొకటియు గలవు. వానిని వేఱుపఱచు గుర్తు లెవ్వియో పిల్లలకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

సంగతి క్రొత్తది గాదు. 1909వ సంవత్సరమున మైసూరులో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున చారులను గూర్చిన ప్రకరణము కలదు. అందు మొట్టమొదట చెప్పబడిన చారు డెవ్వడు? విద్యార్థి! పరుల మర్మము నెఱుగ నేర్చి, జంకు లేక మాటలాడగల ఛాత్రుని మంత్రి చేరదీసి, ధనముచేతను గౌరవముచేతను సంతోషపెట్టి, వాని కంటబడిన చెడుగు నెల్ల రాజునకును తనకును తెలుపుచుండునట్లు నియోగింపవలయునట. అట్టివానికి కాపటికుడని పేరు. దిక్కులేని బిడ్డలను రాజ్యమే పోషించి, అంగవిద్య, ఇంద్రజాలము, శకునము మొదలగువానిని నేర్పించి వేగులుగా చేయవచ్చునని కూడ ఆ గ్రంథము చెప్పుచున్నది. కాబట్టి స్కాలర్షిప్పను మాట క్రొత్తదే గాని, దాని వెనుకనున్న యుపాయము మిక్కిలి పాతది. ఆ యుపాయమును చెప్పిన శాస్త్రకారుడే ఆ విద్యార్థికి కపటి యని పేరు పెట్టుట మన మెంచి చూడదగినది.

బైబిలునందును ఇట్టి వృత్తాంతములు రెండు గలవు. మోషే కనాను దేశమును చూచి రమ్మని పండ్రెండుగురిని పంపెను. వారు 40 దినములు తిరిగి, ఇరువురు మోయదగిన ద్రాక్షగెలను తెచ్చిరి. పదిమంది భయపడి జనుల గుండెలు చెదరునట్లు మాటలాడిరి. కాలేబు, యెహోషువ యనువా రిరువురు మాత్రము, జనులు రాళ్లతో కొట్టుదమన్నను బెదరక సత్యమునే పలికిరి. ఇక రెండవ కథ యెల్లరు నెఱిగినదే. ముప్పది వెండి నాణెములకు గురువును పట్టియిచ్చిన శిష్యుని కథ యది. కాలేబు దేశమునకు వేగు. యూదా సహవాసుల నడుమ వేగు. కాలేబును సమాజమెల్ల నెఱుగునట్లు పంపిరి. ఆతని పేరును, గోత్రమును బహిరంగముగ వ్రాయబడినవి. యూదా బేరము చాటున జరిగినది. వేతనముతో కూడిన యే గూఢచర్యమునైనను ఈ తూనికతో తూచి చూచిన చాలును.

ఇప్పుడు అమెరికా వృత్తాంతము చెప్పుదము. 1986లో అచ్చటి శాసనసభ చేసిన చట్టమువలన నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ యను శాఖ హైస్కూలు ముగించు విద్యార్థులను, ముఖ్యముగ అల్పసంఖ్యాక వర్గముల పిల్లలను ఎన్నుకొని, గణితము, ఇంజనీరింగు, కంప్యూటరు శాస్త్రము, విదేశ భాషలు మొదలగు విద్యలు చదివించు నధికారము పొందినది. తరువాత ఆ వేతనమునకు లూయీ స్టోక్స్ అను సభ్యుని పేరు పెట్టిరి. ఆయన 1925లో క్లీవ్‌లాండు నగరమున పుట్టిన నీగ్రో జాతీయుల బిడ్డ. చిన్ననాటనే తండ్రి పోగా, తల్లి పరుల యిండ్లలో పనిచేసి పెంచినది. ఆయన సైన్యమున పనిచేసి, మాజీ సైనికులకు ప్రభుత్వ మిచ్చిన విద్యాసహాయముతో చదివి, న్యాయవాదియై, 1969 మొదలు 1999 వఱకు శాసనసభయందుండెను. అట్టివాని పేరు గల వేతనమును వట్టి మోసమని మేము చెప్పజాలము. సెంట్రల్ ఇంటెలిజెన్సు ఏజెన్సీయు నిట్టి పద్ధతినే యవలంబించినది.

అయితే నియమములు చూడుడు. వేతనము పొందువాడు ఆ దేశపు పౌరుడై యుండవలయును. కావున మన యూరి బాలునకు అందు ప్రవేశము లేదు. అచ్చట పౌరత్వము గల తెలుగువారి పిల్లలకు గలదు. వాని పూర్వ చరిత్రము నంతయు విచారింతురు. అబద్ధమును కనిపెట్టు యంత్రముచే పరీక్షింతురు. వేసవి సెలవులు వాని సొంతము గావు. శాఖ కార్యాలయమున పనిచేయవలయును. చదువు ముగిసిన పిమ్మట, చదివిన కాలమునకు ఒకటిన్నర రెట్లు కొలువు చేయవలయును. అనగా 4 ఏండ్లు చదివినవాడు 6 ఏండ్లు బద్ధుడు. నడుమ విడిచినచో సొమ్ము తిరిగి చెల్లింపవలసివచ్చును.

మన పల్నాటి తల్లిదండ్రులకు దీనిని వివరించుట కష్టము గాదు. విత్తునాటికి కమీషను వ్యాపారివద్ద పెట్టుబడి పుచ్చుకొనిన రైతు, కాయ యెండిన పిమ్మట గుంటూరులో ఆ వ్యాపారి కొట్టుకే మిరపకాయలు తోలవలయును గదా! పెట్టుబడి లేనిదే పైరు లేదు; నిజమే. కాని ధర యెవ్వరు చెప్పుదురో, కాటా యెవ్వరిదో రైతు విత్తుటకు ముందే యెఱిగియుండవలయును. ఇచ్చట పైరు మిరప గాదు, మీ కుమారుని యౌవనము. పదునేడేండ్ల బాలుడు చేవ్రాలు చేయు కాగితము వాని యిరువదియేడవ యేటివఱకు వానిని కట్టివేయును. అట్టి కాగితమును తల్లిదండ్రులు ఒక్క మాట విడువక చదివించుకొని వినవలయును.

ఇంతవఱకు చెప్పినది బహిరంగమైన వేతనము. చాటున నిచ్చు ధనమువలన నేమగునో 1967లో లోకమునకు తెలిసినది. అమెరికా విద్యార్థుల జాతీయ సంఘమునకు సెంట్రల్ ఇంటెలిజెన్సు ఏజెన్సీ పెక్కేండ్లు రహస్యముగ ధనమిచ్చుచుండినట్లు ఆ యేట రాంపార్ట్స్ అను పత్రిక బయటపెట్టెను. సంఘపు పెద్దలలో కొలదిమంది మాత్రమే యీ సంగతి నెఱుగుదురు. ఎఱిగినవారు బయటికి చెప్పమని ప్రమాణము చేసినవారు. తక్కిన వేలకొలది విద్యార్థులు తమ సంఘము తమదే యని నమ్మియుండిరి. నిజము వెల్లడికాగానే మంచిపని చేసినవారిని సైతము లోకము సందేహించినది. ఆ యేడే అధ్యక్షుడు జాన్సను విద్యాసంస్థలకు ఇట్టి రహస్య ధన మీయరాదని శాసింపవలసి వచ్చెను.

మా మిషనువారికి ఈ విషయము మఱింత దగ్గఱది. మిషనరీలను వేగు పనికి వాడుకొనుచుండిరని 1970 దశకమున అమెరికాలో అలజడి పుట్టగా, 1976 ఫిబ్రవరిలో ఆ శాఖ యే యమెరికా పాదిరితోను, మిషనరీతోను రహస్యముగ జీతపు టేర్పాటు పెట్టుకొనబోమని ప్రకటించెను. అట్టి ప్రకటన యవసరమగుటయే విచారకరము. ఒక్కడు రహస్యముగ జీతము పుచ్చుకొన్నచో, జ్వరపు బిడ్డకు మందిచ్చు వేయిమందిమీద అనుమానము పడును. పాఠశాలకును, ఆసుపత్రికిని ప్రజల నమ్మికయే మూలధనము. అది పోయినచో తిరిగి సంపాదించుట కష్టము.

తూర్పు జర్మనీ కథ యింకను దారుణమైనది. అచ్చట 1950లో నేర్పడిన రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖ ఇరుగుపొరుగువారినే గాక, పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను సైతము వేగులుగ చేర్చుకొనినది. ఆ రాజ్యము కూలిన పిమ్మట 1992 జనవరి మొదలు ప్రజలు తమ దస్త్రములను తామే చదువుకొనగల్గిరి. తమ మాటలు వ్రాసియిచ్చినవా డొక పరాయివాడు గాక తమ స్నేహితుడే యని, బంధువే యని తెలిసికొన్నవా రెందఱో! కౌటిల్యుని కాపటికుడు ఇరువదవ శతాబ్దమున మరల పుట్టినప్పటి ఫలమిది.

ఇది దూరదేశపు ముచ్చట యని మనవారు నిశ్చింతగ నుండరాదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్సు విభాగమువారు, కేంద్ర శాఖలతో కూడి, డాల్ఫిన్స్ నోస్ అను కొండ పేరు పెట్టిన దర్యాప్తునందు నౌకాదళమున పనిచేయు ఏడుగురిని పట్టుకొనిరి. ఫేసుబుక్కులో స్త్రీల పేరిట పరిచయము చేసికొనినవారికి ఓడల కదలికలను తెలిపి ధనము పుచ్చుకొనిరని వారిపై ఆరోపణ. ఇట్టి వల యొక్కసారిగ పడునది గాదు. మొదట పరిచయము, పిమ్మట ప్రశంస, ఆపైన చిన్న కానుక, కడపట కోరిక. ఆరంభమున రహస్య మడుగువాడు లేడు. చదువునకు సాయము చేయుదు ననువాడే వచ్చును. ఫోను చేతబట్టిన ప్రతి బాలుడును దీనిని మనస్సున నుంచుకొనవలయును.

ఇక మన దేశమున ధర్మమైన త్రోవ యేది? పరీక్షయే. ఇంటెలిజెన్సు బ్యూరో 1887లో పుట్టినది. విదేశముల సంగతులు చూచు రిసెర్చి అండ్ అనాలిసిస్ వింగు 1968 సెప్టెంబరులో దానినుండి వేఱుపడినది. కేంద్ర హోం మంత్రిత్వ శాఖ పత్రికలలో ప్రకటించి బ్యూరోకు కావలసినవారిని ఎన్నుకొనుచుండును. 2025లో సెక్యూరిటీ అసిస్టెంటు ఉద్యోగములు 4,987 ప్రకటింపబడినవి. వానికి కోరిన విద్య పదవ తరగతియే. వయస్సు 18 మొదలు 27 వఱకు. అందొక విశేషము కలదు. అభ్యర్థికి తన రాష్ట్రపు భాష వచ్చియుండవలయును. ఆ భాషనుండి ఇంగ్లీషునకును, ఇంగ్లీషునుండి ఆ భాషకును తర్జుమా చేయు పరీక్షయు నుండును. తెలుగు పాఠము వచ్చినప్పుడు కిటికీవైపు చూచు విద్యార్థులు ఈ మాట వినవలయును! చూచిన దానిని శుద్ధమైన మాతృభాషలో, ఎక్కువ తక్కువలు లేక నాలుగు వాక్యములలో వ్రాయగలవాడే ఆ కొలువునకు తగినవాడు. మాఱువేషములతో పనిలేదు. కాలేబు గుణముతో పనియున్నది.

ఒక యాక్షేపణ రావచ్చును. “సున్నపు బట్టీలలో కూలిచేసి బిడ్డను చదివించువానికి ఈ ధర్మసూక్ష్మములేల? ఎచ్చటినుండి వచ్చినను సొమ్ము సొమ్మే గదా!” అని కొంద ఱనవచ్చును. ఆ బాధ మే మెఱుగనిది గాదు. కాని పేదవాని యింట దొంగిలింపదగిన యాస్తి మఱేమియు లేకున్నను మంచిపేరొకటి యుండును. ధనవంతుని బిడ్డ ఉచ్చులో చిక్కిన వకీలును పెట్టుకొనును. పేదవాని బిడ్డ చిక్కిన తల్లి పుస్తెలమ్మినను విడిపింపలేదు. కావున ఈ జాగ్రత్త పేదవానికే యెక్కువ కావలయును.

మేము చెప్పదలచిన గుర్తులు మూడే. మొదటిది: ఇచ్చువాడెవ్వడో, ఏల యిచ్చుచున్నాడో పదిమంది యెదుట చెప్పదగినదై యుండవలయును. “ఇంట చెప్పవద్దు” అన్న వేతనము వేతనము గాదు, ఎర. రెండవది: చేరువాడు వయస్సు వచ్చినవాడై, నియమముల నెల్ల నెఱిగి, తల్లిదండ్రులతో నాలోచించి చేరవలయును. మూడవది: వాని కన్ను దేశపు శత్రువులమీద నుండవలయునే గాని, తనతో నొక్క బల్లమీద కూర్చుండు సహాధ్యాయిమీద నుండరాదు.

ఈ మూడవదానిని గూర్చి ఉపాధ్యాయులకును, హాస్టలు పెద్దలకును ఒక్క మనవి. తోటివానికి దెబ్బ తగిలినను, ఎవ్వడైన నొకని హింసించినను, పిల్లవాడు ధైర్యముగ వచ్చి చెప్పుట సత్కార్యము, చెప్పినవానిని కాపాడవలయును. కాని ఎవ్వరేమనుకొనుచున్నారో చాటుగ వినివచ్చి చెప్పుమని యొక బాలుని నియమించి, వానికి ప్రత్యేకాదరము చూపుట తగదు. అది చిన్న పాఠశాలలో చిన్న కాపటికుని తయారుచేయుటయే. తరగతియందు నమ్మిక నేర్చుకొననివాడు రేపు దేశపు రహస్యమును నమ్మికతో కాపాడునా?

విద్యార్థులారా! దేశమునకు మెలకువగల కన్నులు కావలయును. మీలో కొందఱు ఆ కన్నులగుదురుగాక, మాకు సంతోషమే. కాని వెలుతురులో వచ్చిన పిలుపునకే పలుకుడు. తల్లిదండ్రుల యెదుట చదువదగిన కాగితముమీదనే చేవ్రాలు చేయుడు. చూచిన దానినే చెప్పుడు. కాలేబునకును యెహోషువకును పదిమంది నడుమ నిలిచి సత్యము పలుకు ధైర్యము నిచ్చిన దేవుడు మీకును అట్టి ధైర్యము ననుగ్రహించుగాక!