వాల్వు ఇచ్చారు, ఐఎన్ఆర్ పరీక్ష కూడా ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్‌లోని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు, తెలంగాణలోని రాజీవ్ ఆరోగ్యశ్రీ ట్రస్టు ముఖ్య కార్యనిర్వహణాధికారులకు బహిరంగ లేఖ



2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఆ తర్వాత రాష్ట్రం రెండయింది, పథకం పేరు పలుమార్లు మారింది, చికిత్స పరిమితి పెరుగుతూ వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ ఒక మేలు మాత్రం నిలిచింది. తెల్లకార్డు ఉన్న ఇంట్లో ఎవరికైనా గుండె వాల్వు చెడిపోతే ఉన్న ఎకరం అమ్ముకోకుండానే ఆపరేషన్ చేయించుకోగలుగుతున్నారు. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందే మనం చేసిన పని ఇది. అయితే మెటల్ వాల్వు వేయించుకున్న మనిషికి ఆపరేషన్‌తో వైద్యం పూర్తయిపోదు. బతికినంత కాలం రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత పలచనైందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్షను దాదాపు నెలకోసారి చేయించుకోవాలి, ఆ ఫలితం చూసి మోతాదు సరిచేసేవారు ఒకరు ఉండాలి. మీ లెక్కల్లో మాత్రం ఆపరేషన్‌తో, మహా అయితే ఏడాది ఫాలో-అప్‌తో కేసు ముగిసిపోతుంది. ఈ మిగిలిన వైద్యాన్ని కూడా పథకంలో జీవితకాల హక్కుగా చేర్చి, రోగి ఉండే మండలంలోనే అందించాలని అడగడానికే ఈ లేఖ.

ముందు ఈ రోగులెవరో చూద్దాం. ధనిక దేశాల్లో వాల్వు మార్పిడి ఎక్కువగా ముసలివాళ్ల ఆపరేషన్. వయసుతో పాటు బృహద్ధమని వాల్వు మీద సున్నం పేరుకుని గట్టిపడటం అక్కడ ప్రధాన కారణం. మన దగ్గర ఆ రోగులు పెరుగుతున్నా, రుమాటిక్ జ్వరం మిగిల్చిన నష్టమే ఇప్పటికీ పెద్ద బరువు. ఐదు నుంచి పదిహేనేళ్ల మధ్య పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవితో గొంతునొప్పి వస్తుంది. దానికి సరైన మందు పడకపోతే కొందరిలో శరీరపు రక్షణ వ్యవస్థ గుండె వాల్వుల మీదికే తిరగబడుతుంది. కీళ్ల నొప్పులు కొన్ని వారాల్లో పోతాయి, మైట్రల్ వాల్వు మాత్రం ఏళ్ల తరబడి మెల్లగా బిగుసుకుపోతుంది లేదా కారడం మొదలుపెడుతుంది. ఆయాసంతో ఆసుపత్రికి వచ్చేసరికి మనిషికి ఇరవయ్యో ముప్పయ్యో ఏళ్లుంటాయి. ఆఫ్రికాలోని 12 దేశాలు, భారత్, యెమెన్‌లలోని 25 ఆసుపత్రుల్లో 3,343 మంది రుమాటిక్ గుండె రోగులను నమోదు చేసిన ‘రెమెడీ’ అధ్యయనం 2015లో వెలువడింది. ఆ రోగుల మధ్యస్థ వయసు 28 ఏళ్లు, మూడింట రెండు వంతుల మంది ఆడవాళ్లు. చిన్నపిల్లల తల్లులు, కూలికి వెళ్లేవాళ్లు, ఇంకా పెళ్లి కానివాళ్లు. వాళ్లకు మనం వేస్తున్న వాల్వు ముప్పై నలభై ఏళ్లు పనిచేయాలి.

వాల్వు అన్నేళ్లూ పనిచేయగలదు. 1960లో అమెరికాలో స్టార్, ఎడ్వర్డ్స్ బంతి వాల్వును అమర్చిన నాటి నుంచి ఈ యంత్రాలు ఎంతో మెరుగుపడ్డాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో గుండె సర్జన్ వలియతాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వును 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. దిగుమతి వాల్వుల కంటే బాగా చవకైన ఆ వాల్వు ఇప్పటికి లక్షమందికి పైగా గుండెల్లో ఆడింది. అయితే ఏ దేశంలో తయారైనా మెటల్ వాల్వుకు ఒకటే చిక్కు. శరీరానికి అది పరాయి వస్తువు కాబట్టి దాని మీద రక్తం గడ్డకడుతుంది. గడ్డ వాల్వును బిగించేస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే వార్ఫరిన్ గానీ, మన దగ్గర ఎక్కువగా వాడే ఎసిట్రోమ్ గానీ తప్పదు. మామూలు మనిషికి ఐఎన్ఆర్ ఒకటి దగ్గర ఉంటుంది. మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య, బృహద్ధమని స్థానంలో ఉంటే చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, బాగా పెరిగితే రక్తస్రావం. ఇంత ఇరుకు దారిలో మనిషిని జీవితాంతం నడిపించే మందులు వైద్యంలో ఎక్కువ లేవు. బీపీ మాత్రలాగా ఒకసారి రాసిచ్చి ‘వాడుతూ ఉండు’ అని పంపే మందు కాదిది.

పైగా ఐఎన్ఆర్ ఒకచోట నిలవదు. గోంగూర, తోటకూర, మునగాకు కొన్నాళ్లు మానేసి ఒక్కసారిగా రోజూ తింటే పడిపోతుంది. ఆకుకూరలు మానేయమని చెప్పే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే తీరున తింటే చాలు. విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లూకోనజోల్, కోట్రైమోక్సజోల్ దాన్ని పెంచేస్తాయి. క్షయ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ దించేస్తుంది. నడుం నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ పొడిచే డైక్లోఫెనాక్ సూది ఈ రోగికి రెండు విధాల ప్రమాదం: కండరంలో రక్తం చేరుతుంది, కడుపులో పుండు పడి రక్తం కారే అవకాశమూ పెరుగుతుంది. ఎసిట్రోమ్ 1, 2, 3, 4 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. 2 లేదని దుకాణదారు 4 ఇచ్చి, సగం చేసుకొమ్మని చెప్పడం మరిచిపోతే రోగి ఆ నెలంతా రెట్టింపు మందు మింగుతాడు. ఎసిట్రోమ్ బదులు వార్ఫరిన్ ఇచ్చినా మిల్లీగ్రాములు సమానం కావు. ఇవన్నీ రోజువారీ బతుకులో జరిగేవే. పరీక్ష ఉంటేనే బయటపడతాయి.

మన రోగుల్లో ఎంతమంది సరైన పరిధిలో ఉంటున్నారు? రక్తం పలచన చేసే మందు వాడుతున్నవారిలో ఐఎన్ఆర్ సరిగ్గా ఉన్నది 28 శాతం మందికేనని ఆ ‘రెమెడీ’ అధ్యయనమే చెప్పింది. అంటే పదిమందిలో ఏడుగురికి ఐఎన్ఆర్ సరైన పరిధిలో ఉన్నట్టు తేలలేదు. రోగుల నిర్లక్ష్యం వల్లనే ఇలా అవుతోందని కార్పొరేట్ ఆసుపత్రుల కారిడార్లలో తరచూ వినిపిస్తుంది. నిర్లక్ష్యం కొందరిలో ఉండవచ్చు. కానీ పాడేరు మన్యం నుంచి విశాఖకో, ఉట్నూరు గూడెం నుంచి ఆదిలాబాద్‌కో ఒక చిన్న రక్తపరీక్ష కోసం వెళ్లే మనిషిని తలుచుకోండి. ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు పోతాయి, తోడు వచ్చినవారి కూలీ పోతుంది. ఫలితం సాయంత్రానికి వస్తుంది, అప్పటికి డాక్టరు ఓపీ అయిపోతుంది. ఇలా నెలనెలా ముప్పయ్యేళ్లు తిరగడం ఉద్యోగస్తులకే చేతకాదు. ఆరునెలలకో ఏడాదికో ఒకసారి వెళ్లేవాణ్ణి తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు.

మెటల్ వాల్వు మానేసి అందరికీ టిష్యూ వాల్వు వేస్తే ఈ తలనొప్పి ఉండదు కదా అని మీ సలహాదారులు అనవచ్చు. పంది వాల్వు నుంచో, పశువుల గుండె పొర నుంచో చేసే ఈ వాల్వుకు మూడు నుంచి ఆరు నెలల తర్వాత చాలామందికి ఆ మాత్ర అక్కర్లేదు. అరవై అయిదు దాటినవారికి అది మంచి ఎంపికే. చిన్న వయసులో మాత్రం అది త్వరగా అరిగిపోతుంది, పదిహేనేళ్ల లోపే చాలామందికి మళ్లీ గుండె తెరవాలి. రెండో ఆపరేషన్ మొదటిదానికంటే ప్రమాదం, ఖర్చు కూడా మీదే. కొత్త మందుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే పరీక్ష అక్కర్లేని మాత్రలు వచ్చాయని రోగులకు ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. మెటల్ వాల్వు ఉన్నవారిలో డాబిగాట్రాన్‌ను పరీక్షించిన ‘రీ-అలైన్’ ప్రయోగాన్ని గడ్డలూ రక్తస్రావాలూ రెండూ పెరగడంతో మధ్యలో ఆపేశారు; 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. ఒక ప్రత్యేక రకం వాల్వు ఉన్నవారికి అపిక్సాబాన్ ఇచ్చి చూసిన ప్రయోగాన్నీ 2022లో ఆపాల్సి వచ్చింది. కాబట్టి ఈ రోగులకు పాత మాత్రా, దాని వెంట పరీక్షా తప్పించుకోలేనివి.

ఇక మీ నుంచి రాగల అభ్యంతరం. మా పని పెద్ద చికిత్సలకు డబ్బు చెల్లించడం, నిత్యవైద్యం ఆరోగ్యశాఖది, ఏడాది ఫాలో-అప్ ప్యాకేజీలు ఎలాగూ ఉన్నాయి అంటారు. ఆ ప్యాకేజీలు మంచి ఆలోచనే, వాటిని తక్కువ చేయను. కానీ మాత్ర ఏడాదితో ఆగదు. పైగా ఆ ఫాలో-అప్ జరిగేది ఆపరేషన్ చేసిన నెట్‌వర్క్ ఆసుపత్రిలోనే, ఆ ఆసుపత్రి చాలావరకు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో తిరుపతిలోనో ఉంటుంది. డబ్బు మాటే తీసుకుంటే, ఒక ఐఎన్ఆర్ పరీక్షకు బయట అయ్యేది కొన్ని వందలు, ప్రభుత్వం పెద్దఎత్తున చేయిస్తే ఇంకా తక్కువ. వార్ఫరిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న చవక మాత్ర. వాల్వు బిగుసుకుపోతే చేసే అత్యవసర ఆపరేషన్, మెదడులో రక్తస్రావానికి ఐసీయూ, పక్షవాతం తర్వాతి చికిత్స, వీటన్నిటి బిల్లులూ తిరిగి మీ ట్రస్టుల దగ్గరికే వస్తాయి. వాల్వుకు లక్షలు పెట్టి, దాన్ని కాపాడే పరీక్షకు వందలు పెట్టకపోవడం ఖజానాకు కూడా నష్టమే.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది, దానికి నిజంగా జవాబు చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎసిట్రోమ్ మోతాదు మార్చడం ప్రమాదం కాదా? అలవాటు లేని చేతుల్లో ప్రమాదమే. అయితే ఈ మోతాదు మార్పు చాలావరకు పట్టిక చూసి చేసే పని. బ్రిటన్‌లో ఎన్నో వార్ఫరిన్ క్లినిక్‌లను నర్సులు, ఫార్మసిస్టులే నడుపుతారు. ఐఎన్ఆర్ ఇంత ఉంటే ఇంత మార్చాలి, ఇంత దాటితే మాత్ర ఆపి పెద్దాసుపత్రికి పంపాలి అన్న నియమాలు ఒక పేజీలో పడతాయి. ఆ పేజీ తేల్చలేని కేసు వస్తే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి డాక్టరు ఫోన్లో చెప్పాలి; ఆ బాధ్యతను నెట్‌వర్క్ ఒప్పందంలోనే రాయవచ్చు. రక్తాన్ని నీలం మూత గొట్టంలో తీస్తే, ఈ పరీక్షకు ఆ నమూనా గది ఉష్ణోగ్రతలో దాదాపు 24 గంటలు పనికొస్తుంది. నమూనాలను ఊళ్ల నుంచి కేంద్ర ల్యాబ్‌కు చేర్చే ఏర్పాటు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఇప్పటికే నడుపుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనాలు బీపీ, షుగర్ మాత్రలతో ఊళ్లకు వెళ్తున్నాయి. దూరపు మన్యంలో వేలి చుక్కతో నిమిషాల్లో ఫలితం చెప్పే చిన్న యంత్రాన్ని పెట్టవచ్చు. ఇంట్లోనే పరీక్షించుకుంటూ మోతాదు సరిచూసుకునేవారిలో రక్తపు గడ్డలు తగ్గినట్టు, వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష కూడా చూపింది. అందరికీ ఇంటి యంత్రం ఇవ్వమని అడగడం లేదు, మండలానికి ఒకటి ఉంటే చాలు.

డబ్బుతో సంబంధం లేని సగం పని కూడా మీ చేతుల్లో ఉంది. ఆపరేషన్‌కు మీ నుంచి ముందస్తు అనుమతి తప్పదు కదా. ఏ వాల్వు వేస్తున్నారో, ఎందుకో, దాని వెంట ఏం తెచ్చుకుంటున్నామో రోగికి తెలుగులో, గిరిజన ప్రాంతాల్లో వాళ్ల భాషలో వివరించి సంతకం తీసుకున్న కాగితం లేకుండా ఆ అనుమతి ఇవ్వకండి. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి ఇది ప్రాణావసరం. వార్ఫరిన్ లాంటి మందు గర్భంలోని బిడ్డకు, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య, హాని చేయగలదు. దాని బదులు హెపారిన్ సూదులు వాడితే బిడ్డకు మేలు గానీ, తల్లి వాల్వు మీద గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. రోజుకు 5 మిల్లీగ్రాముల లోపు వార్ఫరిన్ సరిపోయేవారికి ముప్పు తక్కువ. ఇది గర్భం రాకముందే హృద్రోగ నిపుణులతోనూ గైనకాలజిస్టుతోనూ మాట్లాడుకోవాల్సిన విషయం. నెల తప్పిందని భయపడి ఎవరినీ అడగకుండా మాత్ర ఆపేయడం అన్నిటికంటే ప్రమాదం. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందు ఎందరికి చెబుతున్నారో మీ ఆరోగ్యమిత్రలనే అడిగి చూడండి.

డిశ్చార్జి రోజున ఇచ్చే ఫైలు ఇంగ్లిషులో, సంక్షిప్తాక్షరాల్లో ఉంటుంది. దాని మీద ఒక తెలుగు కార్డు కుట్టించండి: ఏ స్థానంలో ఏ వాల్వు, ఐఎన్ఆర్ ఎంత ఉండాలి, ప్రస్తుత మోతాదు, ఏ ఫోన్ నంబరుకు చేయాలి. పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని, లేకపోతే వాల్వుకు చీము పట్టవచ్చని అందులో ఉండాలి. రుమాటిక్ రోగులు కొత్త వాల్వు వచ్చాక కూడా పెనిడ్యూర్ లాంటి పెన్సిలిన్ రక్షణ డాక్టరు చెప్పినంత కాలం కొనసాగించాలి, ఎందుకంటే మిగతా వాల్వులు పాతవే. వాల్వు మూసుకునే టిక్‌టిక్ చప్పుడు మందగించినా, అకస్మాత్తుగా ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, మలం నల్లగా వచ్చినా, విడవని జ్వరం ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి ఆశ కార్యకర్తకూ, ఊరి ఆర్ఎంపీకీ కూడా తెలియాలి. ఆర్ఎంపీలను గుర్తించకూడదని వైద్య సంఘాలు పట్టుబడతాయి, అది వేరే చర్చ. ఈ రోగికి నొప్పి సూది పొడవొద్దని చెప్పడానికి గుర్తింపుతో పనిలేదు.

మొదటి అడుగుకు కొత్త నిధులు కూడా అక్కర్లేదు. వాల్వు వేయించుకున్న ప్రతి ఒక్కరి కార్డు నంబరు, ఊరు, ఆసుపత్రి, తేదీ మీ కంప్యూటర్లలో ఉన్నాయి. అదే కార్డు మీద ఆ తర్వాత పక్షవాతానికో, బిగిసిన వాల్వుకో, రెండో ఆపరేషన్‌కో క్లెయిమ్ వచ్చిందా అన్నదీ అక్కడే ఉంది. పేర్లు తీసేసి, జిల్లాల వారీగా, ఆసుపత్రుల వారీగా ఆ లెక్క తీయించండి. క్లెయిమ్ ఆగిపోయినవాళ్లు బాగున్నారో, అసలు ఉన్నారో లేరో ఏఎన్ఎంల ద్వారా ఒకసారి ఇంటింటికీ అడిగించండి. వచ్చిన అంకెను మీ తదుపరి వార్షిక నివేదికలో, ఎన్ని ఆపరేషన్లు చేయించామన్న అంకె పక్కనే ప్రచురించండి.