ప్లేటు ఏ రంగు?

ఎల్బీనగర్ నుంచి మెట్రోలో పోవచ్చు కదా అంటారు అందరూ. నిజమే, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా వస్తుంది. అక్కణ్నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మళ్లీ ఆటో వెతుక్కోవాలి. అందుకే పదిమందిమి కలిసి నెలవారీ వ్యాను మాట్లాడుకున్నాం. పాయింట్ దగ్గర రెండు నిమిషాలే ఆగుతుంది. కిటికీ పక్క సీటు పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు.

మొన్న మాలో ఒకాయన ఇంకో బండి ఉందన్నాడు. మనిషికి నెలకు ఐదొందలు తక్కువట, ఏసీ కూడా బాగుందట. గ్రూపులో వరసగా బొటనవేళ్లు లేచాయి. నేనడిగింది ఒక్కటే: ప్లేటు ఏ రంగు?

తెలుపు.

తెల్ల ప్లేటంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. కిరాయికి తిప్పాలంటే పసుపు ప్లేటు కావాలి, పర్మిట్ కావాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా తిప్పడం నేరం. అది డ్రైవర్ తలనొప్పి అనుకుంటాం. కానీ ప్రమాదం జరిగి, కిరాయికి తిప్పుతున్నారని తేలితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెడుతుంది. అప్పుడు ఆసుపత్రి బిల్లు పట్టుకుని తిరిగేది మనమే.

మా డ్రైవరన్న పర్మిట్‌కి, ఫిట్‌నెస్‌కి, ట్యాక్స్‌కి కట్టాలి, పైన ఈఎంఐ. ఆ ఐదొందలు పోయేది అక్కడికే. పైగా వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులకి డబ్బు తగ్గించమని ఆయనతో బేరాలు! సగం సీట్లు ఖాళీగా ఉంటే డీజిల్ సగమే తాగుతుందా బండి?

ఇదంతా చెప్పినా ఇద్దరు తెల్ల బండికి మారారు. వాళ్ల వాటా ఇప్పుడు ఎనిమిది మంది మీద పడింది. ఎల్బీనగర్ వైపు మీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, రెండు సీట్లున్నాయి.