వెర్బల్ వదిలెయ్యమన్నదెవరు?

"వెర్బల్ సంగతి వదిలెయ్యమ్మా, క్వాంట్ చూసుకో."

ఈ మాట మొన్న అమలాపురంలో గడియార స్తంభానికి దగ్గర్లో, ఒక మేడమీది కోచింగు సెంటర్లో విన్నాను. పదిహేనేళ్ళ కిందట అమీర్‌పేటలోనూ విన్నాను. చెప్పే మనిషి మారాడు, ఊరు మారింది, మాట మాత్రం మారలేదు. లెక్కల్లో 165 దాటిస్తే చాలు, వెర్బల్లో 145 ఎలాగూ వస్తుంది, ఆ మాత్రానికి ఎం.ఎస్. సీటు ఆగదు. జి.ఆర్.ఇ. రాసే తెలుగు పిల్లలకి మనవాళ్ళు అందిస్తూ వస్తున్న ఉపదేశం ఇదే. కంప్యూటర్లు చదవబోయే కుర్రాడికి, వెనక అమ్మడానికి అరెకరం కొబ్బరితోట ఉన్నవాడికి, అది నిజంగానే పనికొచ్చే సలహా కావచ్చు. కానీ ఆ రోజు ఆయన ఎదురుగా కూర్చున్నది బి.ఎస్సీ. పూర్తిచేసి, పబ్లిక్ హెల్త్ చదవాలనుకుంటున్న రాజోలు వైపు అమ్మాయి. నేను పక్కన తోడు కూర్చున్నాను. ఏం చదువుతావని ఆయన ఆమెను అడగనే లేదు.

వీధిలోకి వచ్చాక ఆ అమ్మాయి అంది: "అక్కా, చదివి అర్థం చేసుకోవడం మనకి రాదని ఆయన ముందే ఎలా తేల్చేశారండీ?"

నేనీ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే. కోపం ఆయన ఒక్కడి మీదే కాదు. మన మీద కూడా. తెలుగు సాహిత్యంలో పట్టాలు పుచ్చుకున్నవాళ్ళం, స్త్రీల రచనల మీద పరిశోధనలు చేసినవాళ్ళం, ఈ పరీక్షని "ఆ సాఫ్ట్‌వేరు పిల్లల గోల" అని పక్కన పెట్టేశాం. పెట్టేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా సంగతి కాస్త చెప్పుకోవాలి. 2010లో ఎం.ఎ. తెలుగు అవగానే, తులనాత్మక సాహిత్యం చదువుదామని ఎవరికీ చెప్పకుండా నేనూ జి.ఆర్.ఇ. కట్టాను. అప్పటి వెర్బల్ వేరు. మాటకి వ్యతిరేకపదం, మాటల జంటకి పోలికైన జంట అడిగేవారు. మూడున్నర వేల మాటల జాబితాని, అట్టలు ఊడిపోయిన పుస్తకంలోంచి, మామిడికాయ ముక్కలు ఎండబెడుతూ బట్టీ వేశాను. 800కి 380 వచ్చింది. ఇంట్లో తెలిశాక ఒక్కటే మాట: "తెలుగు చదువుకున్నదానికి అదెందుకే?" ఆ మాటని నేను పదేళ్ళు నమ్మాను కూడా. 2011 ఆగస్టులో వ్యతిరేకపదాలూ పోలికలూ పరీక్షలోంచి తీసేశారు. ఆ సంగతి నాకు తెలిసింది నిరుడు, ఈ అమ్మాయి మా వసారాలోకి వచ్చి కూర్చున్నాకే.

ఆ జాబితా గురించి ఒక మాట అనకుండా ఉండలేను. గొడవపడే ఆడదానికి అందులో ఎన్ని పేర్లో! ష్రూ, టెర్మగెంట్, విరాగో. మూడింటికీ నేను మార్జిన్లో ఒకటే తెలుగు మాట రాసుకున్నాను: గయ్యాళి. పక్కనే సూర్యకాంతం అని కూడా రాశాను, గుర్తుండటానికి. భార్య అంటే మరీ ప్రాణం పెట్టే మగవాడికి అక్సోరియస్ అని ఒక మాట ఉంది, అదొక అతి, ఒక లోపం. భర్త అంటే ప్రాణం పెట్టే ఆడదాని అతికి మాత్రం ఆ జాబితాలో మాట దొరకలేదు. మన భాషలో ఉందిగానీ అది తిట్టు కాదు, బిరుదు. మూడువేల అయిదువందల మాటలు బట్టీ వేస్తూ ఇవన్నీ నేను గమనించాను. గమనించినందుకు మార్కులుండవు.

ఈ పరీక్షల పుట్టుక కూడా మనం తెలుసుకోదగ్గదే. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పెట్టిన బుద్ధి పరీక్షల అంకెలు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1923లో ఒక పుస్తకం రాశాడు. ఉత్తర ఐరోపా జాతివాళ్ళు తెలివైనవాళ్ళు, తర్వాత వలస వచ్చినవాళ్ళు తక్కువవాళ్ళు అని తేల్చాడు. ఆయన ఆధ్వర్యంలోనే 1926లో ఎస్.ఎ.టి. మొదలైంది. 1930లో ఆయనే ఆ తీర్మానాలు తప్పని ఒప్పుకున్నాడు. ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళని ఇంగ్లీషు పరీక్షతో తూచి జాతులని పోల్చడం కుదరదని గ్రహించాడు. అంటే వెర్బల్ అనేది తెలివికి కొలబద్ద కాదన్న సంగతి, జి.ఆర్.ఇ. పుట్టడానికి ముందే, ఆ కొలబద్ద చెక్కినవాడే చెప్పేశాడన్నమాట. జి.ఆర్.ఇ. 1936లో మొదలైంది. ఇ.టి.ఎస్. 1947లో ఏర్పడి దాన్ని తన చేతిలోకి తీసుకుంది.

ఇక్కడిదాకా వచ్చాక మనవాళ్ళు చప్పట్లు కొడతారని నాకు తెలుసు. ఆధిపత్య భాష, వలస మనస్తత్వం, సామ్రాజ్యవాద పరీక్ష... ఈ వాక్యాలు నేను నిద్రలో కూడా రాయగలను. నా సిద్ధాంత గ్రంథంలో రాశాను కూడా. కానీ ఆ చప్పట్ల దగ్గరే నాకు ఇబ్బంది. తెలుగు మాధ్యమం కోసం సభలు పెట్టే మన పెద్దల పిల్లలు ఎక్కడ చదివారో మనకి తెలుసు. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం జి.ఓ. వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, ఎవరు ఏడ్చారో ఎవరు ఊపిరి పీల్చుకున్నారో అదీ తెలుసు. ఇంగ్లీషు నేర్చుకోండని సావిత్రీబాయి ఫూలే తన కవితల్లో శూద్రాతిశూద్రులకి చెప్పింది. ఆ పుస్తకం 1854లో అచ్చయింది. మనమింకా ఆ వాక్యం దగ్గర తటపటాయిస్తున్నాం.

ఈ అమ్మాయి తల్లి కువైట్‌లో ఉంది. రాజోలు, మలికిపురం, ముమ్మిడివరం వైపు ఏ వీధిలో అడిగినా కువైటో, మస్కట్టో, దుబాయో వెళ్ళిన ఆడమనిషి ఉంటుంది. ఇంటిపని, వంటపని, పిల్లల్ని చూసే పని. ఆవిడ పద్నాలుగేళ్ళుగా అక్కడే. వెళ్ళేటప్పుడు ఒక్క అరబ్బీ ముక్క రాదు. ఇప్పుడు యజమానురాలితో బేరమాడుతుంది, పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడతో ఇంగ్లీషులో కష్టం సుఖం చెప్పుకుంటుంది. ఉంది అంటే ఆకూ, లేదు అంటే మాకూ. మొదటి నెల ఈ రెండు మాటలతోనే నెట్టుకొచ్చానని నవ్వుతూ చెప్పింది. పదో తరగతి పాసవ్వలేదు కాబట్టి ఆమె పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర. ముప్ఫై దాటితేగానీ ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళనివ్వరు ఆ ముద్ర ఉన్న ఆడవాళ్ళని. మూడు భాషల్లో బతుకు నడుపుతున్న ఆ మనిషి నైపుణ్యాన్ని ఏ దేశమూ వెర్బల్ ఎబిలిటీ అనలేదు. ఖద్దామా అంది. పనిమనిషి అని అర్థం.

లెక్క చూడండి. ఇంటిపనివాళ్ళకి కువైట్ 2016లో నిర్ణయించిన కనీస జీతం నెలకి 60 దినార్లు. మన డబ్బుల్లో ఇప్పుడు పదిహేడు వేల ప్రాంతం. జి.ఆర్.ఇ. ఒక్కసారి రాయడానికి కట్టాల్సిన రుసుము ఇరవై వేలు దాటింది. తల్లి నెల కష్టం కంటే కూతురు రెండు గంటల పరీక్ష ఖరీదెక్కువ. వెర్బల్ వదిలెయ్యమని తేలిగ్గా చెప్పినాయనకి ఈ సంగతి తెలియదు. తెలిసినా సలహా మారేది కాదేమో.

బంధువుల సలహా ఇంకోటి. "అమెరికా సంబంధం చూస్తే సరి, ఏ పరీక్షా అక్కర్లేకుండానే ఎల్లొచ్చు గదా." వెళ్ళొచ్చు, నిజమే. హెచ్-4 వీసాకి వెర్బల్ లేదు. ఆ వీసా మీద ఉన్న భార్యల్లో కొందరికైనా ఉద్యోగానికి అనుమతి దొరికింది 2015లో. అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే. కట్నం ఇచ్చి కొనుక్కునే ఆ ప్రయాణానికి రుసుము ఎంతో ఎవరూ పైకి చెప్పరు.

సరే, ఆదివారాలు మా వసారాలో కూర్చున్నాం. నేను పాత అలవాటుతో మాటల జాబితా తీశాను. అది తప్పు. ఇప్పటి వెర్బల్లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. సుమారు సగం, ఒక పేరా ఇచ్చి, ఇందులో రచయిత ఏమంటున్నాడు, దేన్ని ఆధారం చేసుకుంటున్నాడు, ఏది బలహీనం అని అడిగేవి. మిగతావి వాక్యంలో ఖాళీలు. మాట అర్థం తెలిస్తే సరిపోదు, వాక్యం ఎటు తిరుగుతోందో తెలియాలి. మూడు ఖాళీలుంటే మూడూ సరిగ్గా నింపాలి, రెండు రాసినందుకు సగం మార్కు లేదు. ఇంకో రకంలో ఆరు మాటల్లోంచి రెండు ఏరాలి, ఏది పెట్టినా వాక్యానికి ఒకే అర్థం రావాలి.

వాక్యం తిరగడం అంటే ఏమిటో ఇంగ్లీషులో ఎన్నిసార్లు చెప్పినా ఆ అమ్మాయికి పట్టుబడలేదు. ఒక ఆదివారం తల్లి పంపిన వాయిస్ మెసేజి వినిపిస్తూ ఉంటే నాకే తట్టింది. "నేను బానే ఉన్నానమ్మా, మామా కూడా మంచిదే, అయినా ఈ నెల డబ్బులు కాస్త లేటవుద్ది." మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆపమన్నాను. "బానే ఉన్నాను అన్నాక, అయినా దగ్గర ఏం జరిగింది?" అని అడిగాను. ఆ పిల్ల కొంచెంసేపు మాట్లాడలేదు. "ముందు చెప్పిందంతా నా కోసం అన్నది, తర్వాత చెప్పింది నిజం" అంది. అంతే. పద్నాలుగేళ్ళుగా తల్లి మాటల్లో అయినా, కానీ, అలాగని, పోనీలే అన్నవాటిని పట్టుకుని ఆవిడ ఎలా ఉందో అంచనా వేస్తూ పెరిగిన పిల్లకి వాక్యం చదవడం రాదంటే నేను నమ్మను. హౌఎవర్, నెవర్‌ద్‌లెస్ కనబడగానే ఇప్పుడు కింద గీత గీసి పక్కన "అమ్మ" అని రాసుకుంటోంది.

మరి ఇన్నాళ్ళూ ఈ పని మనం తెలుగు క్లాసులో ఎందుకు చేయించలేదు? నా ఫిర్యాదు ఇదే. మనం పద్యానికి ప్రతిపదార్థం చెప్పించాం, కవి పరిచయం బట్టీ వేయించాం, కథకి సారాంశం రాయమన్నాం. రచయిత ఇక్కడ మాట మార్చాడు, ఈ వాదనకి ఆధారం లేదు, దీనికి విరుద్ధంగా ఇలా అనొచ్చు అని ఒక ఆడపిల్ల లేచి చెబితే ఎంతమంది మాస్టార్లు సహించారు? ఎంతమంది మేడములం సహించాం? ఎదురు చెప్పే పిల్లకి ఇంట్లో ఏం పేరు పెడతారో ఇందాకే చెప్పాను, జాబితాలో మూడు మాటలున్నాయి. చదివి వాదించడం నేర్పని భాషాబోధన చేసి, వాళ్ళు ఇంగ్లీషులో వాదనని పట్టుకోలేకపోతే అది ఇంగ్లీషు పెత్తనం అనుకోవడం మనకి సుఖంగా ఉంది.

2020 తర్వాత చాలా అమెరికా విశ్వవిద్యాలయాలు జి.ఆర్.ఇ. అక్కర్లేదన్నాయి. పీడ వదిలిందని అక్కడి మిత్రులు సంతోషిస్తున్నారు. ఆ సంతోషంలో నేను పూర్తిగా పాలుపంచుకోలేను. పరీక్ష పోయిన చోట మిగిలేవి సిఫారసు ఉత్తరాలు, అనుభవ పత్రాలు, మన గురించి మనం రాసుకునే వ్యాసం. కోనసీమలో పేరులేని డిగ్రీ కాలేజీలో చదివిన పిల్లకి ఉత్తరం రాసేదెవరు? మా అమ్మాయికి ఒక ఉత్తరం కోసం వెళితే, "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అన్నారట. ఆ ఉత్తరంలోని మాట కంటే అపరిచితుడు దిద్దిన అంకెకి కాస్త విలువుంటుందని ఆమె లెక్క. చెడ్డ పరీక్షే, ఖరీదైన పరీక్షే. అయినా ఎవరి కూతురివని అడగదు. దాన్ని తీసేసేవాళ్ళు ఆ స్థానంలో ఏం పెడుతున్నారో అడగాల్సిన బాధ్యత మనకి ఉంది.

ఇంటి దగ్గరే రాసే వీలు 2020 నుంచి వచ్చింది. హైదరాబాదు ప్రయాణం, అక్కడ ఉండటం, తోడు ఎవరు వెళ్తారన్న చర్చ తప్పుతాయని ఇదే మేలనుకున్నాం. నిబంధనలు చదివాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గదిలో ఒక్కరే ఉండాలి. తలుపు మూసి ఉండాలి, ఆ తలుపు కెమెరాలో కనబడాలి. మంచం మీద కూర్చోకూడదు, బల్ల, కుర్చీ ఉండాలి. పరీక్ష ముగిసేదాకా ఇంకో మనిషి లోపలికి రాకూడదు. వర్జీనియా వూల్ఫ్ 1929లో అడిగిన గదిని మనం ఎన్ని సెమినార్లలో చర్చించామో! ఆ గది ఇప్పుడు ఒక అమెరికా సంస్థ నిబంధనల్లో తప్పనిసరిగా అడుగుతోంది. ఆ అమ్మాయి వాళ్ళది రెండు గదుల పెంకుటిల్లు. ఒక గదిలో నాయనమ్మ మంచం, రెండోదానికి తలుపు లేదు, పాత చీర తెరగా కట్టారు. తల్లి పంపిన డబ్బుతో కట్టడం మొదలైన కొత్త ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగింది.

పరీక్ష మా ఇంట్లోనే, ముందు గదిలో. వచ్చే నెల రెండో శనివారం పొద్దున్నే. నా పుస్తకాల బల్ల ఖాళీ చేశాను. తలుపుకి గడియ సరిగ్గా పడటం లేదు, వడ్రంగికి చెప్పాను. కరెంటు పోతే అన్న భయానికి పక్కవాళ్ళ ఇన్వర్టరు అడిగి పెట్టుకున్నాం. మా తోటలో ఆ రోజు దింపు పెట్టుకోవద్దని మా చిన్నాన్నకి చెబితే, "ఒక ఆడపిల్ల పరీక్షకి దింపు ఆపడమేటే?" అన్నాడు. కాయలు పడే చప్పుడుకి చదివే పేరా చెదిరిపోతుందన్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.