‘బడ్జెట్ రాలేదు’ అంటే ఎవరికి రాలేదు?

ప్రభుత్వ ఆఫీసుల్లో మన పిల్లలకు పుట్టినప్పటి నుంచీ వినపడే మాట ఒకటుంది: ‘బడ్జెట్ రాలేదు’. స్కాలర్‌షిప్ సెక్షన్‌లో గుమస్తా అంటాడు, హాస్టల్లో వార్డెన్ అంటాడు, ఫెలోషిప్ కోసం వెళ్తే యూనివర్సిటీ ఫైనాన్స్ విభాగంలోనూ అదే మాట. వాన రాలేదు అన్నంత మామూలుగా అంటారు. వాన రాకపోతే మనం నిలదీసేందుకు మనిషంటూ ఎవరూ ఉండరు. బడ్జెట్ రాలేదంటే మాత్రం ఎక్కడో ఒక మనిషి ఒక ఫైలు మీద సంతకం పెట్టలేదని, ఇంకో ఫైలు మీద పెట్టాడని అర్థం. ఆర్థిక మాంద్యం వచ్చిన ఏడాది ఏ ఫైలు మీద సంతకం పడింది, ఏ ఫైలు అటక ఎక్కింది అన్నదే అసలు రాజకీయం.

నేను చదివింది ఆర్థికశాస్త్రం. ఇప్పుడు పాఠం చెప్పేదీ అదే. రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్న రోజుల్లో వరసగా తొమ్మిది నెలలు ఫెలోషిప్ రాలేదు. మెస్ బిల్లు బాకీ పడి, నోటీసు బోర్డు మీద పేరెక్కి, పక్కగది మిత్రుడి దగ్గర చేబదులు తీసుకుంటూ, పగలు మాత్రం సెమినార్ హాల్లో ద్రవ్యలోటు మూడు శాతం దాటితే దేశం ఏమైపోతుందో వినేవాణ్ణి. చెప్పే ప్రొఫెసర్ మంచివాడే. ఆ మూడు శాతం లోపల ఉండటానికి ఎవరి నెలల లెక్క ఆపుతున్నారో ఆయన పాఠంలో లేదు, అంతే. రోహిత్ వేముల 2016 జనవరిలో తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ బకాయి, లక్షా డెబ్బై అయిదు వేలు, తన ఇంటివాళ్లకు అందేలా చూడమని రాయాల్సి వచ్చింది. ఆ మొత్తం ఏ ప్రభుత్వ లోటునూ పెంచేది కాదు, తగ్గించేదీ కాదు.

మాంద్యం అనగానే అందరూ కరోనాను తలుచుకుంటారు. నిజానికి 2019 ఏప్రిల్-జూన్‌లోనే వృద్ధిరేటు అయిదు శాతానికి దిగింది. బిస్కెట్ పాకెట్ల అమ్మకాలు కూడా పడిపోతున్నాయని పత్రికలు రాశాయి. జనం చేతిలో పైసలు లేవన్న సంగతి దానితోనే తెలిసిపోవాలి. అప్పుడు కేంద్రం ఏం చేసింది? 2019 సెప్టెంబర్ 20న కార్పొరేట్ పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి, కొత్త తయారీ కంపెనీలకైతే 15 శాతానికి తగ్గించింది. దానివల్ల ఏడాదికి 1,45,000 కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఇక్కడే మరో అంకె చూడండి. 2017-18 నుంచి 2019-20 దాకా దేశంలోని ఎస్సీ విద్యార్థులందరి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లకు కేంద్రం ఇచ్చింది ఏడాదికి సుమారు 1,100 కోట్లు. కంపెనీలకు ఒక్క ఏడాదిలో వదిలేసిన పన్నుతో ఆ లెక్కన 130 ఏళ్ల పాటు స్కాలర్‌షిప్‌లు ఇవ్వవచ్చు. ఇందులో మొదటిదాన్ని ప్రోత్సాహకం అన్నారు. రెండోది ‘కేంద్రం మీద భారం’ అయింది.

ఆ 1,100 కోట్ల వెనక ఒక చిన్న లెక్కల కిటుకు ఉంది. విద్యార్థులకు ఇది తెలియాలి. పాత నిబంధన ప్రకారం, ఒక పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాదిలో రాష్ట్రానికి ఎంత అవసరమైందో అంత సొమ్మూ తర్వాతి కాలానికి రాష్ట్రం నెత్తినే పడుతుంది. ఆపైన పెరిగిన దానికే కేంద్రం చెయ్యి కదుపుతుంది. 2017లో పన్నెండో ప్రణాళిక ముగియగానే మొత్తం బరువు రాష్ట్రాల మీదికి జారింది. రాష్ట్రాలు కాలేజీలకు బకాయి పెట్టాయి, కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకున్నాయి. ఢిల్లీలో ఎవరూ ‘స్కాలర్‌షిప్ రద్దు’ అని జీవో ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరమే లేకపోయింది.

దేశమంతటా గొడవ అయ్యాక 2020 డిసెంబర్ 23న కేంద్ర క్యాబినెట్ అయిదేళ్లకు 59,048 కోట్లు, అందులో 60 శాతం తన వాటా అని ప్రకటించింది. మంచిదే, పోరాడితే వచ్చింది. కానీ మెలిక చూడండి. రాష్ట్రం తన 40 శాతం విడుదల చేశాకే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ఖజానా ఎండిపోయిన రాష్ట్రం తన వాటా ఆపితే ఢిల్లీ డబ్బు కూడా ఢిల్లీలోనే ఉంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన పెద్దలు అన్నది ఇలాంటి చోటే. మన తెలుగు రాష్ట్రాల్లో ఆ పూజారి పేరు ట్రెజరీ. ‘బీఆర్వో వచ్చింది, టోకెన్ పడింది, పైసలు రాలేదు’ అన్న వాక్యాన్ని వినని ప్రిన్సిపాల్ ఇక్కడ ఉండడు. సరిగ్గా అదే 2020 డిసెంబర్‌లో, కేంద్రం ప్రకటన వచ్చిన రెండు రోజులకే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసింది. నాకు తెలిసిన ఒకమ్మాయి, వాళ్ల వాడలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల, ఎమ్మెస్సీ సీటు వదులుకుని బట్టల షాపులో చేరింది. ఆమె లెక్క ఏ ఆర్థిక సర్వేలోనూ రాదు. ఉపాధి కాలమ్‌లో మాత్రం ఒక అంకె పెరిగి ఉంటుంది.

2020-21 మొదటి మూడు నెలల్లో జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ఆనాటి అంచనా. ఆగస్టులో రాష్ట్రాలు జీఎస్టీ పరిహారం అడిగితే ఆర్థిక మంత్రి ఇది దైవఘటన అన్నారు, కావాలంటే అప్పు తెచ్చుకోమన్నారు. మన తాతల చేత వెట్టి చేయించినప్పుడూ దేవుడి పేరే చెప్పారు కాబట్టి మనకు ఈ భాష కొత్తదేమీ కాదు. దేవుడి మీద వేసినవాళ్లు పెట్రోలు విషయంలో మాత్రం మానవ ప్రయత్నం బాగానే చేశారు. ప్రపంచ మార్కెట్లో చమురు ధర పడిపోయిన 2020 మేలో లీటరు పెట్రోలుపై 10 రూపాయలు, డీజిల్‌పై 13 రూపాయలు సుంకం పెంచారు. అది కూడా రాష్ట్రాలతో పంచుకోనక్కరలేని సెస్సులు, ప్రత్యేక సుంకాల రూపంలో. కంపెనీకి లాభం వస్తేనే కార్పొరేట్ పన్ను. ఆటో నడిపేవాడికి నష్టం వచ్చినా డీజిల్ పన్ను తప్పదు. అంబేద్కర్ 1925లో అచ్చయిన ప్రొవిన్షియల్ ఫైనాన్స్ పుస్తకంలో బ్రిటిష్ పాలన మీద పెట్టిన నేరారోపణల్లో ఒకటి ఇదే. జమీందార్లనూ పెద్ద ఉద్యోగులనూ వదిలేసి, భూమిశిస్తు, ఉప్పు పన్ను పేరుతో లేనివాడి నుంచి పిండుకున్నారన్నది ఆయన విమర్శ. మన ఎంఏ పబ్లిక్ ఫైనాన్స్ సిలబస్‌లో ఆ పుస్తకం ఎన్ని యూనివర్సిటీల్లో ఉందో మీరే చూసుకోండి.

ఇక ఆ పవిత్రమైన మూడు శాతం సంగతి. 2021 ఫిబ్రవరిలో చదివిన బడ్జెట్ ప్రసంగంలోనే ఆ ఏడాది లోటు 9.5 శాతమని ఒప్పుకున్నారు. ఆకాశం విరిగి పడలేదు. అంటే ఆ గీత ప్రకృతి నియమం కాదు, ఎవరి కోసం దాటాలి అన్నది తేల్చుకుని దాటే గీత. అదే ఏడాది సవరించిన అంచనాల్లో పాకీపని చేసేవాళ్ల పునరావాస పథకం 110 కోట్ల నుంచి 30 కోట్లకు దిగింది. దేశమంతా పారిశుధ్య కార్మికులకు పళ్లాలు మోగించి చప్పట్లు కొట్టిన సంవత్సరమది.

బడ్జెట్ రోజు టీవీలో చూపించే కేటాయింపుల దగ్గర ఆగిపోతే ఇవేవీ కనపడవు. 2020-21 ప్రసంగంలో ఎస్సీలు, బీసీలు కలిపి 85,000 కోట్లు, ఎస్టీలకు 53,700 కోట్లు అన్నారు. మనవాళ్లే కొందరు సన్మానాలు చేశారు. ఎస్టీలకు 1970ల మధ్యలో, ఎస్సీలకు 1979-80 నుంచి మొదలైన ఉపప్రణాళికల సూత్రం సులువైనది: జనాభాలో ఎంత వాటానో ప్రణాళిక వ్యయంలో అంత వాటా. 2011 లెక్కల ప్రకారం ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. 2015లో ప్రణాళికా సంఘం పోయింది. 2017-18లో ప్రణాళిక, ప్రణాళికేతర అన్న తేడానే చెరిపేశారు. ఇప్పుడు దేనిలో 16.6 శాతం అని అడగాలి? హారం లేని భిన్నం మిగిలింది. దానికి 10ఏ అనీ 10బీ అనీ స్టేట్‌మెంట్లు పేర్లు పెట్టి, సాధారణ పథకాల్లో కొంత కొంత కోసి అందులో రాస్తున్నారు. పీఎం కిసాన్ డబ్బు కూడా ఎస్సీల సంక్షేమం కిందకు వస్తుంది. అది భూమి ఉన్నవాడికి ఇచ్చే డబ్బు. ఎస్సీ శ్రామికుల్లో దాదాపు 46 శాతం మంది వ్యవసాయ కూలీలని అదే 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. ఇంట్లో గుంట భూమి లేనివాడి పేరు మీద రైతు సాయం లెక్క రాయడాన్ని ఏమనాలి? తెలంగాణలో రైతుబంధు ఎకరాల చొప్పున ఇచ్చినప్పుడూ ఇదే జరిగింది. ఎన్ని ఎకరాలుంటే అంత సాయం, కౌలుదారుకు సున్నా.

ఈ పద్దు రాసే తతంగం ఎంత దూరం పోయిందంటే, 2021 మార్చిలో ఉపాధి హామీ కూలి చెల్లింపులను కూడా ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడుగా విడగొట్టమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఒకే చెరువు గట్టున కలిసి తట్ట మోసినవాళ్లలో ఒక కులానికి డబ్బు ఇవాళ, ఇంకో కులానికి ఎప్పుడో. కూలీల మధ్య తగువులు పెట్టి, కొన్ని నెలల తర్వాత ఆ పద్ధతిని వెనక్కి తీసుకున్నారు. ఆ పథకానికే 2020-21లో సవరించిన అంచనా 1,11,500 కోట్లు. మరుసటి ఏడాదికి 73,000 కోట్లు. 2023-24కు 60,000 కోట్లు. ఊరికి తిరిగి నడిచొచ్చిన కూలీ మళ్లీ నగరానికి వెళ్లిపోయాడని అనుకున్నారేమో.

దీన్ని బీజేపీ పాపంగా మాత్రమే చూపించి చేతులు దులుపుకొనే మిత్రులతో నాకు పేచీ ఉంది. 2010లో కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ కాంగ్రెస్ ప్రభుత్వం ఎస్సీ ఉపప్రణాళిక నుంచి వందల కోట్లు మళ్లించింది. కర్ణాటకలో 2024-25లో 14,000 కోట్లకు పైగా ఎస్సీ, ఎస్టీ నిధులను గ్యారంటీ పథకాలకు చూపించారు. లబ్ధిదారుల్లో దళితులు లేరా అన్నది వాళ్ల వాదన. ఉన్నారు. పౌరులుగా వాళ్లకు రావాల్సింది అది. ఉపప్రణాళిక ఉన్నది దానిపైన, శతాబ్దాల బాకీ తీర్చడానికి. ఇచ్చిన కూలినే అప్పు కింద జమ రాసుకునే దొర లెక్క మనకు తెలియనిది కాదు. తెలంగాణలో దళితబంధు కింద ఇంటికి పది లక్షలు అన్నారు, 2021లో హుజూరాబాద్ ఉపఎన్నిక ముంగిట మొదలుపెట్టారు, తర్వాత రెండు బడ్జెట్లలోనూ 17,700 కోట్లు అన్న అదే అంకె అచ్చు వేశారు. ఓటు పడేదాకా పథకం, పడ్డాక పద్దు.

2022 జూలైలో ప్రధాని ఉచితాల సంస్కృతి గురించి మాట్లాడాక క్యాంపస్‌లలో కూడా ఈ మాట బాగా తిరిగింది. ఆ చర్చలో మన పిల్లలు సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు మాట్లాడటం నాకు బాధ కలిగిస్తుంది. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు తల్లిదండ్రుల ఆదాయ పరిమితి 2013 నుంచి రెండున్నర లక్షలు. అగ్రవర్ణ పేదలమని చెప్పుకోవడానికి 2019లో పెట్టిన పరిమితి ఎనిమిది లక్షలు. ఒకే దేశంలో పేదరికానికి రెండు గీతలు గీసినవాళ్లు మనకు పొదుపు నేర్పుతున్నారు.

డబ్బుల్లేని రోజుల్లో అడగడం భావ్యమేనా అనే మర్యాదస్తులకు ఒక తేదీ చెబుతాను. 1942 అక్టోబర్. ప్రపంచయుద్ధం నడుస్తోంది, ఖజానా అంతా సైన్యానికి పోతోంది. వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా చేరి నాలుగు నెలలైనా కాని అంబేద్కర్, లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చారు. అలీగఢ్, బెనారస్ యూనివర్సిటీలకు చెరో మూడు లక్షలు ఇస్తున్నప్పుడు షెడ్యూల్డ్ కులాల పిల్లల చదువుకు మూడు లక్షలు ఎందుకు ఇవ్వరన్నది అందులోని వాదన. లోటు గురించి ఆయనకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. రూపాయి సమస్య మీద లండన్‌లో డాక్టరేట్ తీసుకున్న మనిషి. యుద్ధం ముగిశాక చూద్దాం అనలేదు. 1944లో, యుద్ధం ఇంకా జరుగుతుండగానే, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పోరాడి 2013లో ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. అందులోని పదేళ్ల గడువు ముగిసే వేళ 2023 జనవరిలో ఆర్డినెన్స్‌తో ఇంకో పదేళ్లు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి పేరుతో వేరే చట్టం చేసుకుంది. కేంద్రంలో అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. అక్కడ మన వాటా ఒక మార్గదర్శకం మాత్రమే, తప్పినా ఎవరికీ శిక్ష లేదు. కాబట్టి వచ్చే ఫిబ్రవరి ఒకటిన కేటాయింపు పెరిగిందని సంబరపడే ముందు 10ఏ స్టేట్‌మెంట్ తెరవండి. బడ్జెట్ అంచనా పక్కన సవరించిన అంచనా ఉంటుంది, వెనకటి సంవత్సరంలో అసలు ఖర్చెంతో ఉంటుంది. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ పిల్లలు పది మంది కూర్చుంటే ఒక్క రాత్రి పని. ఏ పథకం నేరుగా మన చేతికి వస్తుంది, ఏది పేరుకే మన ఖాతాలో ఉంది అన్నది విడదీసి, తెలుగులో రాసి, హాస్టల్ గోడకు అంటించండి. మెస్ బాకీదారుల జాబితా పక్కనే అంటించండి.