పట్టుబడినవాని పేరు ఎవరికి తెలియవలెను?

గడచిన మాసములో ఒకనాటి రాత్రి పదకొండు గంటలవేళ మన సంఘ సభ్యులలో ఒక కుటుంబమువారు వచ్చి మా కొట్టు తలుపు తట్టిరి. ఇరువది రెండేండ్ల వారి కుమారుడు సాయంకాలము పనినుండి ఇంటికి వచ్చుచుండగా పోలీసువారు జీపులో ఎక్కించుకొని పోయిరని పొరుగువారు చెప్పిరట. ఏ స్టేషనువారో ఎవరికిని తెలియదు. ఆ రాత్రి మేము మూడు స్టేషనులు తిరిగితిమి. ఒకచోట ఇక్కడ లేడనిరి. మరియొకచోట ప్రొద్దున రమ్మనిరి. మూడవచోట మెట్టు ఎక్కనీయలేదు. తెల్లవారిన పిదప తేలినదేమనగా, పిల్లవాడు మేము మొదట అడిగిన స్టేషనులోనే యుండెను. పుస్తకములో వాని పేరు ఈ నాటి రివాజు ననుసరించి తండ్రి పేరులోని తొలి అక్షరముతో వ్రాయబడినది. మేము అడిగినది ఇంటిపేరుతో. మధ్యాహ్నమునకు కేసేమియు లేదని వానిని విడిచిపెట్టిరి.

కాని వాడు ఇల్లు చేరకముందే వాని ఛాయాచిత్రము మన వీధులలోని సెల్‌ఫోనులన్నిటికిని చేరినది. క్రింద 'దొంగ' అని వ్రాసియున్నది. పంపినవారిలో మన సంఘ సభ్యులును కలరని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. అంతటితో ఆగక, పట్టుబడినవారి పేర్లను, బొమ్మలను ప్రతి వారము ఈ పత్రికలో ప్రకటించినచో మన కుటుంబములకు క్షేమముగా నుండునని ఇరువురు పెద్దలు కార్యవర్గమునకు లేఖ వ్రాసిరి. తల్లిదండ్రులకు రాత్రియంతయు తెలియని సంగతి వీధికెల్ల ఉదయమే తెలిసినది. ఈ తలక్రిందుల వ్యవహారమును గూర్చియే ఈ వారము వ్రాయదలచితిమి.

ముందుగా, తెలిసికొను హక్కు ఎవరికి ఎంత కలదో చూతము. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసున సుప్రీంకోర్టు నిర్బంధ విషయమున పోలీసులు పాటింపవలసిన నియమములను విధించినది. అవి క్రమముగా శాసనములో చేరినవి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షను ప్రకారము, అరెస్టు చేయు అధికారి తన పేరు స్పష్టముగా కనబడునట్లు ధరింపవలెను. అరెస్టు పత్రము వ్రాసి, కుటుంబములో నొకరిచేతనో ఆ ప్రాంతమున గౌరవముగల యొకరిచేతనో సాక్షి సంతకము చేయింపవలెను. 48వ సెక్షను ప్రకారము ఆ సంగతియు, ఉంచిన స్థలమును వెంటనే బంధువునకో స్నేహితునకో తెలియజేసి, తెలిపినట్లు పుస్తకమున వ్రాయవలెను. ఇరువది నాలుగు గంటలలోగా, ప్రయాణకాలము మినహా, మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననుట రాజ్యాంగము 22వ అధికరణమే చెప్పినది.

మనవారికి అంతగా తెలియనిది 37వ సెక్షను. ప్రతి పోలీసు స్టేషనులోను, ప్రతి జిల్లాలోను అసిస్టెంటు సబ్‌ఇన్‌స్పెక్టరుకు తక్కువకాని యొక అధికారిని ఇందుకై నియమింపవలెను. పట్టుబడినవారి పేర్లు, చిరునామాలు, ఆరోపింపబడిన నేరము ఎట్టిదో స్టేషనులోను, జిల్లా ప్రధాన కార్యాలయములోను అందరికిని కనబడునట్లు ప్రకటింపవలెను. కనుక మీవాడు కనబడకున్నచో 'మావాడు ఉన్నాడా' అని అడిగి, లేడనగానే వెనుదిరుగవద్దు. ఆ అధికారి ఎవరని అడుగుడు. పట్టికను చూపుమనుడు. మేము ఆ రాత్రి ఆ పని చేయలేదు. చట్టము తెలిసియు కంగారులో మరచితిమి.

ప్రథమ సమాచార నివేదిక విషయమున 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆజ్ఞ కలదు. నిందితుడుగాని, వాని పక్షమున మరియొకరుగాని స్టేషనులో దరఖాస్తు చేసినచో ఇరువది నాలుగు గంటలలో నకలు ఈయవలెను. మేజిస్ట్రేటు కోర్టులో అడిగినచో రెండు పనిదినములలో దొరకవలెను. నివేదికను ఇరువది నాలుగు గంటలలో ప్రభుత్వపు వెబ్‌సైటున ఉంచవలెననియు అందే యున్నది. స్త్రీలపై, పిల్లలపై జరిగిన లైంగిక నేరములు, ఉగ్రవాద సంబంధమైనవి మాత్రము మినహాయింపు. మన రాష్ట్రమున ఫిర్యాదు చేసినవారికి తరచు సి.ఎస్.ఆర్. రసీదు ఇచ్చి పంపుదురు. అది ప్రథమ సమాచార నివేదిక కాదు. మన వర్తకులు అనేకులు దానినే కేసు అనుకొని జేబులో పెట్టుకొని తిరుగుచున్నారు.

సమాచార హక్కు చట్టము ప్రకారము పది రూపాయలు చెల్లించి అడుగవచ్చును. సామాన్యముగా ముప్పది దినముల గడువు. కాని ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైనచో నలువది యెనిమిది గంటలలో ఈయవలెనని 7వ సెక్షనులో నున్నది. దర్యాప్తునకు ఆటంకమను నెపమున 8వ సెక్షను చూపి నిరాకరించుట పరిపాటి; కేవలము దర్యాప్తు నడచుచున్నదనుట చాలదనియు, ఎట్లు ఆటంకమగునో చూపవలెననియు ఢిల్లీ హైకోర్టు 2007లో తీర్పు చెప్పినది.

ఇక భాషా విషయము. ఇది ప్రత్యేకముగా మనది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. త, ద లకును, ప, బ లకును అంతే. దామోదరము ఏ అక్షరమున పడునో, భాస్కరుడు ఏ అక్షరమున పడునో నెల్లూరినుండి ఫోనులో అడుగు మేనమామకు తెలియదు. దీనికి తోడు ఇంటిపేరు తొలి అక్షరమునకు బదులు తండ్రి పేరు అక్షరము. మూడు తరములుగా ఇచ్చటనే యుండి తమిళము చక్కగా మాటలాడు మన ఇండ్లలో తమిళము చదువలేని తల్లులు ఇప్పటికిని గలరు. వారిచేత చదువకయే సంతకము చేయించుట అన్యాయము. 1962లోనే హరికిషన్ కేసున, ముందుజాగ్రత్త నిర్బంధమునకు కారణములను నిర్బంధితునకు అర్థమగు భాషలో తెలుపవలెనని సుప్రీంకోర్టు చెప్పియుండెను. 2025 నవంబరు 6న అదే న్యాయస్థానము సకల నేరముల అరెస్టులకును ఆ సూత్రము నన్వయించి, కారణములను వానికి తెలిసిన భాషలో వ్రాతమూలముగా ఈయవలెననియు, వెంటనే వీలుకానిచో మేజిస్ట్రేటు ఎదుటికి తెచ్చుటకు రెండు గంటల ముందైనను ఈయవలెననియు ఆదేశించినది. తెలుగున ఈయుడని అడుగుటకు మనకు మొగమాట మెందుకు?

దూరదేశమున మనవారికి కలిగిన యొక అనుభవము ఇచ్చట చెప్పదగును. 2019 జనవరి చివర అమెరికాలో, ఫార్మింగ్టన్ అను బూటకపు విశ్వవిద్యాలయమును ప్రభుత్వమే నడిపి, అందు చేరిన విద్యార్థులను పట్టుకొన్నది. వారిలో 129 మంది భారతీయులు, తెలుగువారే అధికులు. ఎవరు ఏ నిర్బంధ గృహమున నున్నారో కనుగొనుటయే అక్కడి తెలుగు సంఘములకు మొదటి పనియైనది. ఆ దేశమున అనేక రాష్ట్రములలో కౌంటీ జైలులో చేర్చుకొనునపుడు తీసిన బొమ్మను ఎవరడిగినను ఇత్తురు. తత్ఫలితముగా అట్టి బొమ్మలను ప్రచురించి, తొలగించుటకు సొమ్ము గుంజు వ్యాపారము పుట్టినది. దానిని నిషేధించుటకు జార్జియా 2013లోను, కాలిఫోర్నియా 2014లోను చట్టములు చేయవలసివచ్చినది. 2016లో ఆ దేశపు ఆరవ సర్క్యూట్ అప్పీలు కోర్టు, తానే ఇరువదేండ్ల క్రిందట చెప్పిన తీర్పును త్రోసివేసి, అట్టి బొమ్మలలో మనుష్యునకు గోప్యతా హక్కు కలదని ఒప్పుకొన్నది.

మన దేశమున 2022 నాటి చట్టముచే పోలీసువారు బొమ్మలను, వ్రేలిముద్రలను తీసికొనవచ్చును. అవి 75 ఏండ్లు జాతీయ భాండాగారమున నుండును. పూర్వము శిక్ష పడనివాడు నిర్దోషిగా తేలి విడుదలయైనచో, కోర్టు వేరుగా ఆజ్ఞాపించిననే తప్ప, వానిని నాశనము చేయవలెను. వాటిని వీధిలో పంచుటకు ఆ చట్టమున ఎవరికిని హక్కు లేదు.

స్టేషను పట్టికలో పేరు బహిరంగమే గదా, పత్రికలో వేసిన దోషమేమి అని ఆ పెద్దలు అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. మాకు తోచినది ఇది. పట్టిక యున్నది పట్టుబడినవానిని దాచకుండుటకు. వాని రక్షణ కొరకు. 2020 జూనులో సాత్తాన్‌కుళమున తండ్రీకొడుకులైన ఇద్దరు వర్తకులు పోలీసు నిర్బంధమున చావుదెబ్బలు తినిన సంగతి మన వర్తకులెవ్వరును మరువలేదు. ఆనాడు మేమును దుకాణము మూసితిమి. అట్టి చోట పేరు వెలుపలికి వచ్చుట ప్రాణరక్షణ. అదే పేరు మన పత్రికలో పడినచో పెండ్లి సంబంధము తప్పును, ఉద్యోగము పోవును. వాడు విడుదలయైన వార్త ఎవరును వేయరు. నిర్దోషియైనవాని పేరు తీర్పుపత్రమునుండి తొలగింపవచ్చునా అను విషయమే ఇంకను చిక్కుగానున్నది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి కాదనిరి. 2024 ఫిబ్రవరిలో మధుర ధర్మాసనము సరేయనినది. ఆ జులైలో సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసినది.

కొట్టులో క్రొత్తవానిని పనికి పెట్టుకొనువారు వాని పూర్వాపరములు విచారించుట తప్పని మేమనము. శిక్షపడిన తీర్పు బహిరంగ పత్రమే, చూడవచ్చును. కాని అరెస్టు శిక్ష కాదు.

కావున కార్యవర్గము ఆ లేఖను అంగీకరింపలేదు. దానికి బదులు సంఘ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టబడినది. ప్రతి కుటుంబమువారును తమ ఇంటివారి పేర్లను తెలుగులో ఇంటిపేరుతోను, తమిళములో ఆధారు కార్డునందున్నట్లును, రెండు విధముల వ్రాయించుకొనవలెను. తమిళము, తెలుగు రెండును చదువగల నలుగురు సభ్యులు రాత్రివేళ స్టేషనుకు తోడువచ్చుటకు ఒప్పుకొనియున్నారు. వారి ఫోను నంబర్లు కార్యాలయమున దొరకును. ఆ పిల్లవాని బొమ్మను ఇంకను ఫోనులలో ఉంచుకొనినవారు దయతో చెరిపివేయుదురు గాక. వాని తండ్రి ఆదివారము సమావేశమునకు వచ్చుచున్నాడు.