ఆఖరి మనిషి ఎవరు?

ఈసారి ఒక ఆల్బమ్ పేరు గురించి. పాటలతో కాదు, పేరుతోనే నాకు పేచీ.

2006లో జెర్రీ లీ లూయిస్ ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. రాక్ అండ్ రోల్ తొలితరం పియానో కళాకారుడాయన. అప్పటికి వయసు డెబ్బై. 21 పాటలు, ప్రతి పాటలో పేరున్నవాళ్లెవరో ఒకరు తోడు: జిమ్మీ పేజ్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్, ఎరిక్ క్లాప్టన్. వినండి, బాగుంటుంది. ఆ వేళ్లలో పొగరు తగ్గలేదు.

పేరుకు అర్థం, ‘మిగిలిన ఆఖరి మనిషి’. ఎవరిలో ఆఖరి? 1956 డిసెంబరు 4న మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ, కార్ల్ పెర్కిన్స్, జానీ క్యాష్, జెర్రీ లీ కలిసి పాడుకున్నారు. మిగతా ముగ్గురూ పోయారు. ఆ నలుగురి లెక్కలో ఈయనే ఆఖరు. లెక్క తప్పు కాదు. కానీ ఆ నలుగురూ తెల్లవాళ్లు. ఆ గది లెక్కను మొత్తం రాక్ అండ్ రోల్ లెక్కలా అట్ట మీద అచ్చువేయడమే తప్పు.

2006లో చక్ బెర్రీ బతికే ఉన్నాడు. బో డిడ్లీ బతికే ఉన్నాడు. ఈ సంగీతానికి పునాది వేసిన నల్లజాతి కళాకారులు వీళ్లు. బెర్రీ ఈ ఆల్బమ్‌లో లేడు, ఆయన రాసిన ‘స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్’ ఉంది. లిటిల్ రిచర్డ్ అయితే ఇదే ఆల్బమ్‌లో జెర్రీ లీతో గొంతు కలిపాడు! ఫ్యాట్స్ డామినో అంతకు ఏడాది ముందే కత్రినా తుఫాను వరదలో చిక్కుకుని బయటపడ్డాడు. ఆయన చనిపోయాడనుకుని న్యూ ఆర్లియన్స్‌లోని ఆయన ఇంటి గోడ మీద ఎవరో నివాళి రాసేశారు.

ఇక బి.బి. కింగ్. సామ్ ఫిలిప్స్ 1950లో తెరిచిన ఆ మెంఫిస్ స్టూడియోలో మొదట్లో పాడినవాళ్లు కింగ్, హౌలిన్ వుల్ఫ్, రూఫస్ థామస్ లాంటి నల్లజాతి గాయకులు. 1954లో ఎల్విస్ పేరు మోగాక వాళ్లకు ఆ తలుపు ఇరుకైంది. జెర్రీ లీ అక్కడ అడుగుపెట్టింది 1956లో. ఈ ఆల్బమ్ రెండో పాటలో కింగ్ అతిథి. ముందొచ్చినవాడు అతిథి, తర్వాత వచ్చినవాడు ఇంటి పెద్ద!

జెర్రీ లీ దొంగ కాదు, అభిమాని అంటారు. నిజమే. లూసియానాలోని ఫెరిడేలో చిన్నప్పుడు హేనీస్ బిగ్ హౌస్ అనే నల్లజాతి క్లబ్బులోకి దొంగచాటుగా దూరి విన్నాడు. ఆ సంగతి దాచలేదు కూడా. 1957లో ఆయన్ని స్టార్‌ని చేసిన ‘హోల్ లాటా షేకిన్ గోయింగ్ ఆన్’ను 1955లోనే బిగ్ మేబెల్ అనే నల్లజాతి గాయని రికార్డు చేసింది. ప్రేమను నేను కాదనను. కానీ ఆ కాలంలో నల్లపిల్లాడు తెల్లవాళ్ల హాల్లోకి అలా దూరితే ప్రాణానికే ముప్పు. నేర్చుకునే తలుపు ఒకవైపే తెరుచుకుంది.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ లెక్క కొత్త కాదు. చిందువాళ్లు ఆడుతుండగానే, డప్పు మోగుతుండగానే ‘అంతరించిపోతున్న కళ’ అని వ్యాసాలు రాస్తాం. బతికున్నవాళ్లకు నివాళి రాసే అలవాటు మనకూ ఉంది.

డిడ్లీ 2008లో, బెర్రీ, డామినో 2017లో, లిటిల్ రిచర్డ్ 2020లో పోయారు. జెర్రీ లీ 2022లో. అంటే వీళ్లందరినీ కలిపి లెక్కేసినా చివరికి ఆయనే మిగిలాడు. 14 ఏళ్లు ఆగి ఉంటే ఆ పేరు నిజంగానే ఆయనకు దక్కేది. ఆగలేదు, ఎందుకంటే మిగతావాళ్లు లెక్కలోనే లేరు.

‘ఆఖరి’, ‘మొదటి’ అనే మాటలు ఎక్కడ కనిపించినా ఒక్క ప్రశ్న వేయండి: లెక్క ఎవరు రాశారు?

జై భీమ్.