పక్కవీధి నుంచి ఒక విన్నపం

డైరెక్టర్ జనరల్ గారికి,
నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎంఎస్‌ఎంఈ, యూసుఫ్‌గూడ.

భారత ప్రభుత్వం విదేశీయులకిచ్చే ఐటెక్ శిక్షణ కోసం ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి మీ క్యాంపస్‌కు వచ్చేవారు సాయంత్రం పూట సిమ్ రీచార్జికో అరటిపళ్లకో మా రహమత్ నగర్ వైపు వస్తుంటారు. వాళ్లలో ఒకాయన డజను ఇస్తావా అంటే కొట్టు అబ్బాయి తల అటూ ఇటూ ఆడిస్తాడు. లేదన్నాడనుకుని ఆయన కదిలిపోతాడు. ఇతను పళ్లు చేత్తో పట్టుకుని "అరె, పోయిండేంది?" అంటాడు. ఇదంటే నవ్వుకుని వదిలేయొచ్చు. పెళ్లయిందా, జీతమెంత అని టీకొట్టు దగ్గర వరసగా అడగడం మనకు ఆప్యాయత, వాళ్లకు పోలీసు విచారణ. రంగును బట్టి పిల్లలు వెనకనుంచి కేకలేయడం మాత్రం నవ్వుకునే సంగతి కాదు. నిజాం ఆఫ్రికన్ అశ్వదళం వారసులు ఏసీ గార్డ్స్‌లో తరతరాలుగా కాపురమున్న ఊళ్లో ఇదేం పోయేకాలం?

మన పద్ధతుల గురించి వచ్చినవాళ్లకు మీరు ఎలాగూ నాలుగు మాటలు చెబుతారు. ఆ నాలుగూ మాకూ చెప్పండి. 1964లో మనస్తత్వవేత్త మెక్‌లెలాండ్ పద్ధతిలో కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇచ్చిన సంస్థ మీది. అంతదూరం వాళ్లనే కూర్చోబెట్టగలిగినవారికి పక్కవీధి కొట్లవాళ్లు, ఆటోవాళ్లు ఒక లెక్కా? కొత్త బ్యాచ్ దిగిన వారంలో ఒక సాయంత్రం చాలు. పవర్‌పాయింట్ వద్దు. ఎదురెదురుగా కూర్చుని మా తల ఊపుళ్లేమిటో వాళ్లు, ఏమేం అడగకూడదో మేము తెలుసుకుంటాం. మిర్చిబజ్జీల ఖర్చు మాది. ఆదివారం మాత్రం పెట్టకండి, గిరాకీ వదులుకుని ఎవరూ రారు.

ఇట్లు,
రహమత్ నగర్ నివాసి